నరం ఇచ్చే సాక్ష్యం: బొగ్గు బాయి నుంచి నల్లగొండ బావి దాకా

ఈ వారం ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నేను ఒకటి ఒప్పుకోవాలి.

మా నాన్న ఇరవై ఎనిమిదేళ్లు గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేశాడు. మా దగ్గర గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. "నాన్న బాయికి పోయిండు" అంటే డ్యూటీకి వెళ్లాడని అర్థం. ఆయన కోల్ కట్టర్. డ్రిల్లు పట్టుకుని బొగ్గులో రంధ్రాలు వేసేవాడు. ఆ రంధ్రాల్లో మందు కూరి పేలుస్తారు. రిటైరైన రెండో ఏడు నుంచి ఫోన్‌లో ఒకటే మాట: "రాత్రయితే చేతులు మొద్దువడ్తున్నయ్ రా, సూదులు గుచ్చినట్టు అయితాంది."

నేను అప్పుడు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ ఉన్నా. "వయసు నాన్నా, అందరికీ ఉంటది" అన్నా. ఒకసారి కాదు, ఏడాది పాటు అదే చెప్పా. దసరాకి ఇంటికొస్తే, నా కళ్ల ముందే చాయ్ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. అమ్మ అంది: "ఇది మూడో గ్లాసు. రాత్రి లేచి కూసోని చేతులు దులుపుకుంటడు, నీకు చెప్తే నవ్వుతవని చెప్తలేడు."

కరీంనగర్‌లో ఒక నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. అక్కడ ఒక మెషీన్ మీద నాన్న చేతికి చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చారు. తెర మీద ఒక గీత లేచింది, లేవాల్సిన సమయం కంటే ఆలస్యంగా లేచింది. ఆ గీత చూశాకే నేను నమ్మాను. కన్నతండ్రి ఏడాది చెప్తే నమ్మనివాడిని, గీత చూసి నమ్మాను. నేను ఒప్పుకోవాల్సింది ఇదే.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న వదల్లేదు. బయటికి కనిపించని బాధని ఎదుటివాళ్లు ఎలా నమ్మాలి? దీని గురించి చదువుతూ పోతే తెలిసింది, నరాల పరీక్షల చరిత్రలో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందులో బొగ్గు గనులు ఉన్నాయి, మన నల్లగొండ, నెల్లూరు కూడా ఉన్నాయి. అందుకే ఈ ఎపిసోడ్.

కళ్లు ఆడిన కార్మికులు

ముందు బొగ్గు నుంచే మొదలుపెడదాం. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ బొగ్గు గనుల్లో ఒక వింత జబ్బు కనిపించింది. కార్మికుల కనుగుడ్లు వాటంతట అవే అటూ ఇటూ వేగంగా కదిలేవి. చూసే ప్రతిదీ, దీపం కూడా, ఊగుతున్నట్టు ఉండేది. తల తిరిగేది. దీనికి మైనర్స్ నిస్టాగ్మస్ అని పేరు పెట్టారు. నిస్టాగ్మస్ అంటే కనుగుడ్ల వణుకు.

కారణం ఏంటి అన్నదాని మీద డాక్టర్ల మధ్య దశాబ్దాల పాటు గొడవ. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ డాక్టర్ సిమియన్ స్నెల్, పక్కకి ఒరిగి పడుకుని బొగ్గు కొట్టే భంగిమ వల్ల వస్తుందన్నాడు. లూయలిన్ అనే డాక్టర్ 1912లో పుస్తకం రాసి, కారణం వెలుతురు తక్కువ కావడమే అన్నాడు. గ్యాస్ అంటుకోకుండా 1815లో కనిపెట్టిన డేవీ దీపం తరహా సేఫ్టీ ల్యాంపులు ప్రాణాలు కాపాడాయి, నిజమే. కానీ వాటి వెలుతురు చాలా తక్కువ. 1922లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వేసిన కమిటీ కూడా వెలుతురు వైపే మొగ్గింది.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. 1906లో వచ్చిన బ్రిటన్ కార్మిక పరిహార చట్టం పరిధిలోకి ఈ జబ్బు కూడా చేరింది. జబ్బుకి డబ్బు ముడిపడేసరికి, "వీళ్లకి నిజంగా కళ్లు ఆడుతున్నాయా, నటిస్తున్నారా?" అనే అనుమానం మొదలైంది. కనుగుడ్ల కదలిక ఆగిపోయినా తలనొప్పి, భయం, నిద్రలేమి మిగిలినవాళ్లని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కనిపించే వణుకునైతే ఒప్పుకున్నారు. కనిపించని బాధ దగ్గరికి వచ్చేసరికి వాదన.

ఇది ఎక్కడో ఇంగ్లండ్ ముచ్చట అనుకోకండి. మా బొగ్గు బెల్టులో ఎవరైనా "ఒంట్లో బాగుంటలేదు" అంటే, పక్కన ఒకడు నవ్వుతూ "మెడికల్ కోసమా?" అంటాడు. మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుందని ఆశ ఉన్న చోట, ఆ జోకు చాలామంది నోరు మూయిస్తుంది. నాన్న కూడా సర్వీసులో ఉన్నన్ని రోజులు చేతుల గురించి నోరు ఎత్తలేదు. ఎందుకో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

గనుల్లో మంచి ఎలక్ట్రిక్ క్యాప్ ల్యాంపులు వచ్చాక ఆ కళ్ల జబ్బు మెల్లగా కనుమరుగైంది. అంటే కార్మికులు చెప్పింది నిజమే.

సుత్తి, తాళంచెవి

ఇప్పుడు డాక్టర్ చేతిలో ఉండే వస్తువుల దగ్గరికి వద్దాం. మెషీన్ల కంటే ముందు వచ్చినవి ఇవే.

మోకాలి చిప్ప కింద చిన్న రబ్బరు సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది కదా. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు, ఎవరికి వారుగా, దీని గురించి రాశారు. కండరం నుంచి వెన్నుపాముకి ఒక సిగ్నల్ వెళ్తుంది, అక్కడి నుంచి తిరిగి కండరానికి ఆర్డర్ వస్తుంది. మెదడు పర్మిషన్ అక్కర్లేదు. కాలు అసలు ఎగరకపోతే ఆ దారిలో ఎక్కడో వైరు తెగిందని అర్థం. మరీ ఎక్కువగా ఎగిరితే, పైనుంచి మెదడు వేసే బ్రేకు పనిచేయట్లేదని అర్థం.

1896లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ ఇంకా చిన్న పని చేశాడు. అరికాలి బయటి అంచున మొద్దుగా ఉన్న వస్తువుతో, తాళంచెవి లాంటిదనుకోండి, మడమ నుంచి పైకి గీయడం. మామూలు మనిషికి బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. మెదడు నుంచి వెన్నుపాము ద్వారా దిగే దారి దెబ్బతింటే బొటనవేలు పైకి లేస్తుంది. పసిపిల్లలకి మాత్రం లేవడం మామూలే, వాళ్లలో ఆ దారి ఇంకా పూర్తిగా తయారై ఉండదు.

అప్పట్లో పక్షవాతం లాంటి లక్షణాలతో వచ్చిన చాలామందిని "ఇదంతా మనసు జబ్బు" అని పక్కన పెట్టేవాళ్లు. ఎవరిది శరీరంలో దెబ్బ, ఎవరిది కాదు అని తేల్చుకోవడం బాబిన్‌స్కీ పెట్టుకున్న పని. బొటనవేలు అబద్ధం చెప్పలేదు, మనం కావాలని దాన్ని ఆ విధంగా ఆడించడం చాలా కష్టం. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష ఇవాళ్టికీ వాడతారు. ఈ బొటనవేలిని గుర్తుపెట్టుకోండి, నల్లగొండలో మళ్లీ వస్తుంది.

నరానికి పింగ్ కొట్టడం

ఇక కరెంటు కథ. ఇటలీలో లూయిజీ గాల్వానీ 1791లో తన కప్ప ప్రయోగాలు ప్రచురించాడు. చచ్చిన కప్ప కాలు కరెంటు తగిలితే తన్నింది. నరాల్లో నడిచేది ఏదో ప్రాణవాయువు కాదు, విద్యుత్ అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

ఆ సిగ్నల్ వేగం ఎంత? జర్మనీలో పెద్ద శరీరశాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ అది కొలవడం మనవల్ల కాదన్నాడు. ఆయన శిష్యుడే హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద కొలిచేశాడు. సెకనుకి సుమారు 27 మీటర్లు. అందరూ మెరుపు వేగం ఊహించుకుంటే అది రైలు వేగం దగ్గర తేలింది. మనుషుల చేతి నరాల్లో ఇంకొంచెం ఎక్కువ, సెకనుకి 50 నుంచి 60 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు, అంతకు పైన.

ఈ కొలతని కప్ప నుంచి రోగి మంచం దాకా తీసుకురావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే ఇద్దరు సన్నటి సూదిలో ఎలక్ట్రోడ్ పెట్టి, కండరంలో గుచ్చి, వచ్చే సిగ్నల్‌ని లౌడ్‌స్పీకర్‌కి కలిపి విన్నారు. అదే ఈఎంజీ. విశ్రాంతిగా ఉన్న మంచి కండరం నుంచి ఏ శబ్దమూ రాదు. నరం తెగిన కండరం మాత్రం టపటపమంటుంది. రేకుల ఇంటి మీద వాన చినుకులు పడ్డట్టు ఉంటుందని డాక్టర్లు చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో చేతులు, కాళ్ల నరాలు తెగిన సైనికులు వేలల్లో ఆసుపత్రులకి రావడంతో ఈ పరీక్షలకి అవసరం పెరిగింది. 1948లో హోడెస్, లారబీ, జర్మన్ అనే ముగ్గురు, మనుషుల నరాల వేగం కొలిచి రోగులతో పోల్చి చూపించారు.

మా నాన్నకి చేసింది ఈ పరీక్షే. నా భాషలో చెప్తా. నెట్ స్లోగా ఉంటే మనం పింగ్ కొడతాం కదా. ఒక చోట నుంచి చిన్న సిగ్నల్ పంపి, ఎన్ని మిల్లీసెకండ్లలో స్పందన వచ్చిందో చూస్తాం. ఇక్కడ మణికట్టు దగ్గర షాక్ ఇస్తారు, బొటనవేలి కండరం దగ్గర స్పందన పట్టుకుంటారు. మామూలుగా నాలుగు మిల్లీసెకండ్లకి కాస్త అటూ ఇటూ రావాలి. నాన్నకి ఆరు దాటింది. స్పందన ఆలస్యమైతే నరం చుట్టూ ఉండే తొడుగు దెబ్బతిన్నదని అనుమానిస్తారు. టైముకి వచ్చినా చిన్నగా వస్తే లోపలి తీగలే తగ్గిపోయాయని అనుమానం. మొదటిది లేటెన్సీ సమస్య, రెండోది ప్యాకెట్ లాస్ అనుకోండి.

మెదడు సంగతి ఇంకా కష్టం. జర్మనీలోని యేనాలో హన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నుంచి మెదడు తరంగాలు పట్టుకున్నాడు. ఐదేళ్లు దాచుకుని 1929లో ప్రచురించాడు. చాలామంది అది మెదడు కాదు, కండరాల గోల అన్నారు. 1934లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ మళ్లీ చేసి చూపించాకే ఈఈజీని ప్రపంచం ఒప్పుకుంది. చూశారా, రోగిని నమ్మడానికి మెషీన్ కావాలి, మెషీన్‌ని నమ్మడానికి ఇంకో మనిషి కావాలి.

తర్వాత లండన్‌లో జార్జ్ డాసన్ ఇంకో చిక్కు విప్పాడు. చేతి నరానికి షాక్ ఇస్తే మెదడులో వచ్చే స్పందన చాలా చిన్నది, మిగతా తరంగాల గోలలో మునిగిపోతుంది. అదే షాక్ మళ్లీ మళ్లీ ఇచ్చి, అన్ని రికార్డింగులూ కలిపితే గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు సిగ్నల్ తేలుతుంది. 1951లో దీనికోసం ఒక యంత్రమే తయారుచేశాడు. మీ ఫోన్‌లో నైట్ మోడ్ ఫొటో తీసేటప్పుడు "కదలకండి" అంటుంది కదా, అప్పుడు అది చేసేది కూడా ఇలాంటి పనే. చాలా ఫ్రేములు కలిపి గోల తగ్గించడం. ఈ పద్ధతితో కాలి నుంచి వెన్నుపాము మీదుగా మెదడు దాకా రోడ్డు ఎక్కడ జామ్ అయిందో తెలుస్తుంది.

మన దగ్గరికి ఈ వైద్యం ఎప్పుడొచ్చింది? 1949లో తమిళనాడులోని వెల్లూరులో జాకబ్ చాందీ దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టాడు. 1951లో భారత న్యూరాలజీ సొసైటీ పుట్టింది. ఆ డాక్టర్ల ముందుకి వచ్చిన రోగుల్లో కొందరి జబ్బు విదేశీ పుస్తకాల్లో పెద్దగా లేదు. అది మన నేల నుంచి వచ్చిన జబ్బు.

బావిలో ఉన్న కారణం

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన షార్ట్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నెముకలు కర్రలాగా బిగుసుకుపోతున్నాయి. మెడ తిరగదు, నడుము వంగదు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి పెద్ద నివేదిక అదే, అది తెలుగు పల్లెల గురించి. 1955లో సిద్దిఖీ అనే డాక్టర్ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు.

ఎముకల జబ్బు నరాల జబ్బు ఎలా అయింది? వెన్నెముక ఒక పైపు అనుకోండి, అందులోంచి వెన్నుపాము పోతుంది. పక్కనున్న చిన్న రంధ్రాల్లోంచి నరాల వేర్లు బయటికొస్తాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ పేరుకుంటే ఎముక మందమవుతుంది, చుట్టూ ఉన్న లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడతాయి. పైపు లోపల ఖాళీ తగ్గిపోతుంది. మొదట చేతులు, కాళ్లు తిమ్మిరి. తర్వాత కాళ్లు బిగుసుకోవడం, నడక పోవడం, చివరికి మూత్రం మీద పట్టు పోవడం. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో దాదాపు పది శాతం మందికి నరాల సమస్యలు వస్తాయని వైద్య పుస్తకాల్లో అంచనా.

1960ల మొదట్లో పంజాబ్ డాక్టర్లు సింగ్, జాలీ, బన్సల్ ఈ నరాల సమస్యల గురించి లాన్సెట్‌లో రాశారు. మన వైపు ఈ పని భుజాన వేసుకున్నది హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి. నిమ్స్ డైరెక్టర్‌గా కూడా చేశారు. పాత నాణేల మీద పుస్తకాలు రాసిన మనిషి కూడా. 1979లో అంతర్జాతీయ న్యూరాలజీ గ్రంథమాలలో ఎముకల ఫ్లోరోసిస్ అధ్యాయం ఆయన రాసిందే. 2009లో ఇదే విషయం మీద న్యూరాలజీ ఇండియా పత్రికలో మళ్లీ రాశారు.

ఇక్కడ పరీక్షలన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడండి. ఒక రైతు వచ్చాడు. చేతి కండరాలు కరిగిపోయాయి, కాళ్లు బిగుసుకున్నాయి. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. అంటే వెన్నుపాము దెబ్బతిన్నది, ఇది నటన కాదు. కానీ ఇవే లక్షణాలు మోటార్ న్యూరాన్ జబ్బులో కూడా ఉంటాయి. అది నయంకాని జబ్బు, రెండూ ఒకటనుకుంటే రోగికి ఉన్న ఆశ పోతుంది. చర్మం మీద స్పర్శ తగ్గిందా అని దూదితో, సూదితో చూస్తారు. మోటార్ న్యూరాన్ జబ్బులో స్పర్శ సాధారణంగా పోదు. ఈఎంజీ సూది పెడితే ఏ ఏ కండరాల్లో ఆ రేకుల వాన శబ్దం ఉందో తెలుస్తుంది. అవన్నీ ఒకే నరాల వేరు కింద ఉంటే నొక్కుడు అక్కడే ఉందని అర్థం. చివర్లో ఎక్స్‌రే: ఎముక సుద్దముక్కలాగా తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు ఆపరేషన్ చేసి పైపు వెడల్పు చేయొచ్చు. ఎముక రాయిలా ఉంటుంది కాబట్టి అది కూడా తేలిక కాదు.

కానీ గమనించండి. సుత్తి, సూది, తెర మీద గీత, ఇవన్నీ "ఎక్కడ" అన్నది చెప్పాయి. "ఎందుకు" అన్నది ఏ మెషీనూ చెప్పలేదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు రోగిని అడగాలి: "మీది ఏ ఊరు? ఏ బావి నీళ్లు తాగుతరు?" ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. నల్లగొండలో చాలా బావులు అంతకు ఎన్నో రెట్లు దాటాయి. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఒక జిల్లా పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఇలా ఎక్కింది. 2023 జనవరిలో చనిపోయిన అంశల స్వామి అన్నని మీలో చాలామంది వీడియోల్లో చూసే ఉంటారు. మర్రిగూడ మండలం మనిషి. ముడుచుకుపోయిన ఒంటితోనే ఊరూరా తిరిగి, మంచినీళ్లు ఇవ్వమని అడిగిండు. ఆయన అడిగింది మందు కాదు, నీళ్లు.

మళ్లీ నాన్న దగ్గరికి

కరీంనగర్ డాక్టర్ మెషీన్ ఆన్ చేయకముందు పావుగంట మాట్లాడాడు. "రాత్రి లేస్తారా? లేచాక చేతులు దులిపితే తగ్గుతుందా? చిటికెనవేలికి కూడా తిమ్మిరి ఉందా?" ఆ తర్వాత అడిగాడు: "ఏం పని చేసేవారు?" నాన్న నా వైపు చూసి, నెమ్మదిగా చెప్పాడు. డ్రిల్లు. ఎన్ని గంటలు? ఎన్నేళ్లు? ఆ ప్రశ్నకి జవాబు చెప్తున్నప్పుడు నాన్న గొంతు మారింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని నేను కూడా అడగలేదు.

మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోయింది. కార్పల్ టనెల్ అంటారు. వణికే పనిముట్లు ఏళ్ల తరబడి పట్టుకున్నవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. షుగర్, థైరాయిడ్ వల్ల కూడా వస్తుంది కాబట్టి ఆ రక్తపరీక్షలు కూడా చేశారు. చిన్న ఆపరేషన్ అయింది. ఇప్పుడు రాత్రి నిద్రపోతున్నాడు. బొటనవేలి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. ఇంకొంచెం ముందే వచ్చుంటే బాగుండేదని డాక్టర్ అన్నాడు. ఆ ఏడాది నాది.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. ఈ మెషీన్ లావు నరాలనే కొలుస్తుంది. మంట, నొప్పి మోసే సన్నటి నరాలు దీనికి అందవు. రిపోర్టు నార్మల్ వచ్చినా మనిషికి బాధ నిజంగానే ఉండొచ్చు. కాబట్టి రిపోర్టు నార్మల్ అని ఇంట్లోవాళ్లని "నీకేం లేదు" అనకండి.

ఇటలీలో రామజ్జీని అనే డాక్టర్ ఉండేవాడు. 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని చూడగానే అడిగే పాత ప్రశ్నల జాబితాకి ఆయన ఇంకో ప్రశ్న చేర్చమన్నాడు: నువ్వు చేసే పని ఏంటి? గాల్వానీ కప్ప కంటే తొంభై ఏళ్ల ముందటి పరీక్ష ఇది. నెల్లూరులో పని చేసింది, నల్లగొండలో పని చేసింది, మా నాన్న దగ్గర కూడా పని చేసింది.

ఈ రోజు ఇంటికెళ్లాక, లేదా ఫోన్ చేసినప్పుడు, మీ అమ్మనో నాన్ననో ఒకసారి అడగండి. చేతులు ఎట్లున్నయ్, రాత్రి నిద్ర పడ్తుందా, ఇన్నేళ్లు ఏ పని ఎట్ల చేసిన్రు అని. జవాబు వచ్చేదాకా ఆగండి, మధ్యలో "వయసు" అనకండి.

వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి.